ఎవరూ లేనివైపు చేరే చేపలు

అమ్మకి,

నీ కున్నెయ్ రాస్తున్నాను. మనుషులం, ఆవులు, చేపలు అందరం క్షేమం అని ఎప్పటిలాగే మొదలుపెడదామని కూర్చున్నాను. మనుషులం, ఆవులు క్షేమమే. అక్కడ నువ్వూ, ఎల్లెయ్ అన్నయ్యా, వదినా, పిల్లలూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం సామాన్ల బండి నడిపే గవ్రిల్ బాబాయి చేత పంపుతున్నాను. నీ చేతికే ఇమ్మని, అన్నయ్య చేతికి ఇవ్వొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ అన్నయ్యది. నువ్వు మాట్లాడుతుంటే పక్కనే ఉంటాడు. నీకు సగం వినపడదు, వినపడని సగాన్ని తనకి నచ్చినట్టు చెప్తాడు. అందుకని కాగితమే నయమనుకున్నాను.

నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. కళ్ళ ఆపరేషన్ కాకముందు ఒక పేజీకి నాలుగు వాక్యాలు పట్టేవి. ఇప్పుడు చీమల బారులా రాశావు. బల్బారా అత్తకి చదివి వినిపించాను. "మీ అమ్మకి చూపు రావడం నాకేం మంచిది కాదే. ఇన్నాళ్ళూ మసకలో అందంగా కనిపించాను. ఇప్పుడొచ్చి నా మొహం చూస్తే ఈ ముసలిదెవరంటుంది" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది. పక్కింట్లో నువ్వు లేకపోతే ఆవిడకి పొద్దు గడవడం లేదు.

అడిగినవాటికి వరసగా చెప్తాను. మచ్చల ఆవు చూడిదే, మార్చిలో ఈనుతుంది. కిటికీలకి రెండో అద్దం బిగించాను. పొయ్యి బాగానే లాగుతోంది. తాగడానికి మంచు దిమ్మలు తెచ్చి కొట్టు పక్కన పేర్చాను, చలికాలమంతా సరిపోతాయి. ఈసారి దిమ్మలు ఏటి నుంచి కోయించి తెప్పించాను. ఏటి నుంచి ఎందుకు, మన సరస్సు, మన ఎబే ఏమైందని నువ్వు ఇక్కడే ఆగిపోతావు. ఆగకు. చదువుతూ ఉండు, దానికే వస్తున్నాను.

షెడ్డు సంగతి అడిగావు. జిల్లావాళ్ళు ఇచ్చిన ఆ వేడి దేశపు చేపలు కరెంటు పోయిన ఒక్క రోజులో తేలిపోయినప్పుడు నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. "దూరపు చుట్టాల్ని పిలిచి చలికి చంపావు" అన్నావు. నువ్వు నగరానికి వెళ్ళేనాటికి తొట్లు ఖాళీగా ఉన్నాయి. ఆగస్టులో మళ్ళీ నింపాను. ఈసారి మన సోబో చేపలే. బయట ఉమ్మితే నేలమీద పడేలోగా గడ్డకడుతున్న చలిలో, లోపల ఉల్లికాడలు, సోయకూర, దోసపాదులు. చేపల తొట్టిలో నీళ్ళు మోటారు తోడి గులకరాళ్ళ మీదికి పోస్తుంది. చేపల మురికి ఆ రాళ్ళ మధ్య మాగి మొక్కలకి బలమవుతుంది, శుభ్రపడ్డ నీళ్ళు తిరిగి చేపలకే దిగుతాయి. చేప తింటే మొక్క తింటుంది, అంతే కథ. నవంబరు దాకా బడి పిల్లలందరికీ రోజూ పచ్చటి ఆకు పంపగలిగాను. ఆ మాట రాసుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంది.

ఇక సోబో. అన్నయ్య నీకు వండిపెట్టి, పెద్దవల పండగలో నీ వాటాకి వచ్చిన చేపలని చెప్పాడట. నువ్వు రాశావు, "ముల్లు మన సోబోదే. కొవ్వు మన సోబోదే. బురద వాసన లేదు. ఎబే నీళ్ళలో పెరిగిన చేపకి బురద వాసన లేకుండా ఎలా ఉంటుంది? ఎవరి చెవిలో పూలు పెడుతున్నారు?"  నీ నాలుకని మోసం చేయగలమని అన్నయ్య ఎలా అనుకున్నాడో.

అమ్మా, అవి ఎబే చేపలే, నవంబరులో అన్నయ్య నా తొట్టిలోంచి పట్టుకెళ్ళినవి. కానీ శుభ్రమైన తొట్టి నీళ్ళలో ఉన్నాయి కాబట్టి బురద వాసన పోయింది. ఈ ఏడు పెద్దవల పండగ జరగలేదు. వల వేయడానికి ఎబే లేదు.

ఆగస్టులో వానలు ఎక్కువయ్యాయి. ఉత్తరంవైపు గట్టు కింద నేలలోపలి మంచు కరిగి గండి పడింది. ముందు పిల్లకాలవలా మొదలైంది. మగవాళ్ళు ట్రాక్టరుతో మట్టి పోశారు, దుంగలు అడ్డం వేశారు. అన్నీ కొట్టుకుపోయాయి. మూడు రోజులు, అమ్మా. మన తాతముత్తాతలు పేరు కూడా పెట్టి పిలవకుండా ఎబే అని, నాయనమ్మ అని పిలుచుకున్న సరస్సు, మూడు రోజుల్లో ఏట్లోకి జారిపోయింది. ఊరంతా గట్టుమీద నిలబడి చూశాం.  చివరికి బురదలో చేపలు కొట్టుకోవడం మొదలైంది. కాకులు దిగాయి.  పీపాలు తెచ్చి, మోకాళ్ళ లోతు బురదలో దిగి, దొరికినన్ని చేపల్ని ఆ నీళ్ళతో సహా షెడ్డుకి మోశాను. బల్బారా అత్త తిడుతూనే రెండో పీపా పట్టుకుంది.

అక్కడే నేను ఒక పని చేశాను. ఎబే నుంచి ఏది తీసుకున్నా అడిగి తీసుకోవాలని నువ్వు నేర్పావు. చేపని అడిగి తీసుకునే మాటలు నాకు తెలుసు. కానీ సరస్సునే ఇంటికి తీసుకుపోతుంటే ఏమని అడగాలో ఎవరికి తెలుసు? ఎవరికీ ఆ అవసరం రాలేదు. నాకు తోచింది కొత్త ఇంటికి మారేటప్పుడు పాత పొయ్యిలోంచి నిప్పు తీస్తూ చెప్పే మాట. పీపా మీద చెయ్యి వేసి అదే చెప్పాను. "రండి, అందరూ రండి. ఒక్కరూ వెనక ఉండిపోవద్దు. ఇక మా ఇల్లే మీ ఇల్లు."

బల్బారా అత్త నా చెయ్యి పట్టి లాగింది. "ఏం మాటలే అవి? నిప్పుకి చెప్పేవి నీళ్ళకి చెప్తావా? పొయ్యిలో ఎవరున్నారో మనకి తెలుసు. ఆ నీళ్ళలో ఎవరెవరు ఉన్నారో నీకు తెలుసా, అందర్నీ రమ్మంటున్నావు?"

"ఎబే ఒక్కతే కదత్తా" అన్నాను.

ఆవిడ నా వంక చూసి ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం ఎప్పుడైనా చూశావా? అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

అమ్మా, నిలబడి చదువుతుంటే కూర్చో. మాత్ర వేసుకునే వేళయితే వేసుకుని చదువు.

సెప్టెంబరులో బురద ఎండి పైన పెచ్చుకట్టింది. గుర్రాలు అటునుంచి అడ్డంగా నడవసాగాయి. గట్టు దగ్గర్లో ఒకచోట మాత్రం, ఎంత తోలినా, చుట్టూ తిరిగి పోయేవి. నేనూ అత్తా వెళ్ళి చూశాం. ముందు నడుంపట్టీ బిళ్ళ కనిపించింది. తర్వాత కత్తి. బల్బారా అత్త మోకాళ్ళ మీద కూర్చుని, తన గౌను అంచుతో ఆ బిళ్ళ తుడిచి, "మికితెర్" అంది.  నాన్న అమ్మా. నేను పసిదాన్నిగా ఉన్నప్పుడు చలికాలం మొదట్లో, పలచటి మంచుమీద వల చూసి వస్తానని వెళ్ళి రాని నాన్న. ఎన్ని గడలు వేసి వెతికినా దొరకని నాన్న. గట్టుకి ఎంతో దూరంలో లేడు.

జిల్లావాళ్ళు వచ్చి తీసుకుపోయారు. పరీక్షలన్నీ చేసి, నాన్నే అని తేల్చి, నవంబరులో ఒక పెట్టెలో తిరిగి పంపారు. అప్పుడు అన్నయ్య వచ్చాడు, నీతో పనిమీద వెళ్తున్నానని చెప్పి. పెట్టెమీద చెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చాక మొహం కడుక్కుని, "అమ్మకి చెప్పొద్దు. డాక్టరు గుండె జాగ్రత్త అన్నాడు. ఈ చలిలో ఆవిడ బయల్దేరితే ఇద్దర్నీ పక్కపక్కన పెట్టాల్సి వస్తుంది. మనమే మట్టి చేద్దాం" అన్నాడు.

"భర్తని మట్టి చేస్తూ భార్యకి చెప్పకపోవడం ఎక్కడైనా ఉందా?" అన్నాను.

"చెప్తే ఆగుతుందా? నువ్వు ఆపగలవా? నేను ఆపగలనా?"

 సరేనన్నాను. నేల అప్పటికే బండరాయిలా గడ్డకట్టింది. నిప్పులు వేసి కరిగిస్తూ తవ్వాలి కదా, గొయ్యి సిద్ధం కాగానే కబురు పెట్టు, వస్తానని చెప్పి అన్నయ్య వెళ్ళిపోయాడు. పెట్టెని కొట్లో పెట్టాం. షెడ్డు గోడకి ఆనుకుని ఉన్న కొట్టు.

ఇప్పుడు చేపల సంగతి చెప్తాను. ఇది అన్నయ్యకి చెప్పలేదు. చెప్తే నన్ను కూడా నగరంలో డాక్టరుకి చూపిస్తాడు.

నేను గిన్నెతో తొట్టి అంచుమీద తడితే సోబోలన్నీ నా వైపుకి తోసుకొచ్చేవి. మేత వేసే మనిషి అడుగు కూడా వాటికి తెలుసు. పెట్టె వచ్చిన మర్నాడు పొద్దున్న తట్టాను. రాలేదు. అన్నీ అవతలి అంచున గుమిగూడి, నోళ్ళు పైకెత్తి తెరుస్తున్నాయి. అచ్చం అక్కడ మనిషి నిలబడి మేత వేయబోతున్నట్టు. నేను వేసిన మేత ఇవతల మునిగిపోయింది. సరే, చుట్టూ తిరిగి నేనే అటువైపు వెళ్ళాను. అన్నీ కలిసి మళ్ళీ ఎదుటివైపుకి, అంతకుముందు నేను నిలబడ్డ చోటికి పోయాయి. నేను ఎటు నిలబడితే దానికి ఎదురుగా చేరతాయి. అంటే ఏమిటి? తొట్టికి అటొకరం, ఇటొకరం నిలబడి ఉన్నామన్నమాట. వాటికి కనిపిస్తోంది, నాకు కనిపించడం లేదు.

 గిన్నె అక్కడే పడేసి బయటికొచ్చేశాను, కోటు కూడా వేసుకోలేదు.

బల్బారా అత్తని పంపాను. ఆవిడ మొదటిసారి వెళ్ళి, ఆ అంచు దగ్గర ఖాళీ చోటుకేసి చూసి, "నీ మర్యాద ఏమైంది మికితెరూ, మేత నీ దగ్గరుందా? లేనప్పుడు వాటిని ఎందుకు ఆశపెడతావు?" అని కసిరి వచ్చింది.  జిల్లాలో షెడ్లు చూసే ఇంజినీరుకి ఫోన్ చేశాను. చేపలు తినడం లేదని మాత్రం చెప్పాను. సోబోలు చలికాలం నిద్రపోయే జాతి, నీళ్ళు వెచ్చబెట్టు, లైట్లు ఎక్కువసేపు ఉంచు అన్నాడు. అన్నీ చేశాను. నిద్రపోయే చేప అడుగున పడి ఉంటుంది కానీ, పైకొచ్చి నోరు తెరుచుకుని ఎవరికోసమో చూడదు.

చేప తినకపోతే మొక్కకి తిండి లేదు. దోసాకులు కింది నుంచి పసుపెక్కుతున్నాయి. ఉల్లికాడలు వాలిపోయాయి. బడికి ఆకు పంపి చాలా రోజులైంది, వంటావిడ మర్యాదగానే అడుగుతోంది. పోతే పోనీ, ఆకు మళ్ళీ పెంచుకోవచ్చు. చేపలు చచ్చిపోతున్నాయమ్మా. పొద్దున్నే వెళ్తే ఒకటో రెండో పక్కకి ఒరిగి ఉంటున్నాయి. ఎబేకి మిగిలింది ఇవే. ఇవి కూడా పోతే ఎబే అనే మాటకి అర్థం ఉండదు.

ఇంతవరకూ రాసి పొయ్యిలో కట్టెలు వేసి వచ్చాను. ఇంక దాచడానికి లేదు. గొయ్యి ఎప్పుడో సిద్ధమైంది. ఊళ్ళో మగవాళ్ళు రోజులకి రోజులు మంటలు వేసి, కరిగినంత తవ్వి, మళ్ళీ మంట వేసి, కొత్త సంవత్సరానికి ముందే పూర్తి చేశారు. నేను దాన్ని పలకలతో, గడ్డితో కప్పించి, నేల ఇంకా కరగలేదని అన్నయ్యకి చెప్తూ వస్తున్నాను. రెండుసార్లు చెప్పాను. నాకు నాన్నని పంపించబుద్ధి కాలేదు.

భయం కొన్నాళ్ళే ఉంది. తర్వాత నేను తొట్టికి ఇవతల నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాను. అన్నయ్య పిల్లల గురించి చెప్పాను. నా పెళ్ళి నిలవలేదని చెప్పాను, నీక్కూడా చెప్పని కారణాలతో సహా. నీ కళ్ళ గురించి చెప్పాను. చేపలు అటే చూస్తుంటాయి, నేనూ అటే చూస్తుంటాను. అన్నయ్యకి నాన్న మొహం గుర్తుంది, నవ్వు గుర్తుంది, గుర్రం మీద ఎక్కించుకోవడం గుర్తుంది. నాకు నాన్నంటే కోటు చేతికున్న పొగ వాసన, అంతే. మిగతావన్నీ మీరు చెప్తే విన్నవి. నాన్నతో నాకు ఇవే మొదటి రోజులమ్మా. వాటిని తగ్గించుకోలేకపోయాను. ఇందులో తప్పుందో లేదో నువ్వే చెప్పు, కానీ చాలా ఆనందంగా ఉన్నాను. ఇంత బెంగలోనూ పొద్దున్నే ఎప్పుడు షెడ్డుకి వెళ్దామా అని ఉండేది.

మొన్న బల్బారా అత్త చచ్చిన చేపల్ని బకెట్లో ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది. "నీ ముచ్చట తీరడానికి ఇంకా ఎన్నింటి కడుపు మాడుస్తావు?" అంది.

"ఏం చెయ్యమంటావత్తా?"

"రమ్మన్నది నువ్వే. పొమ్మను."

 మర్నాడు వెళ్ళి చెప్పాను. "నాన్నా, నేను కున్నెయ్‌ని. నీ చిన్నదాన్ని. నువ్వు ఇంక వెళ్ళాలి, వెనక్కి తిరిగి చూడకు" అన్నాను. చేపలు కదల్లేదు. తర్వాతి రోజూ అంతే.

అత్త ఆలోచించి ఇంకో మాట చెప్పింది. "పిల్లలు పొమ్మంటే ఎవడు పోతాడే? వెనక్కి చూడకు అనే మాట గోతి దగ్గర పెళ్ళాం నోటినుంచి రావాలి. పాపం మీ అమ్మ ఒగ్దోకి ఆ మాట చెప్పే రాత కూడా లేకపోయింది, చెప్దామంటే మనిషి దొరికితేగా. ఒక పని చెయ్యి. మీ అమ్మ శాలువా పెట్టెలో ఉంది, తల మీంచి కప్పుకో. నువ్వు అచ్చం అప్పటి ఒగ్దోవే. ఆయనకి తెలిసిన ఒగ్దో ఈడుదానివే. ఆ మాట నువ్వే అనెయ్యి, దాని పేరుతో. వెళ్ళిపోతాడు. చేపలు బతుకుతాయి, అమ్మకి చెప్పొద్దన్న మీ అన్న మాట కూడా దక్కుతుంది."

శాలువా తీశాను. కప్పుకున్నాను కూడా. అద్దంలో చూసుకుంటే నువ్వే నిలబడి ఉన్నావు. అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఆయన ఎదురుగా నిలబడి కదలకుండా చూస్తున్నది నన్ను కాదు. నేను పెద్దదాన్నవడం ఆయన చూడలేదు. నన్ను చూసి నువ్వే అనుకుంటున్నాడు. నువ్వు ఇటు తిరిగి పలకరిస్తావని ఎదురుచూస్తున్నాడు. నేనేమో నాన్నా నాన్నా అని ఏవేవో కబుర్లు చెప్తున్నాను, ఈ మనిషి నన్ను నాన్నా అంటుందేమిటని అనుకుంటున్నాడో ఏమో. చాలా ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఒక్కరోజైనా నాకోసం వచ్చాడనుకున్నాను.

శాలువా మడిచి పెట్టేశాను. ఆ మాట నీది. ప్రతి వసంతంలో మంచు విడగానే గట్టున అట్లూ వెన్నా పెట్టి, ఇంట్లో జరిగినవన్నీ ఆయనకి చెప్పి వచ్చేదానివి. అంత ఓపిక పట్టినదాని నోట్లోంచి ఆఖరి మాట నేను లాక్కోలేను. చేపలు చచ్చినా సరే. చావకూడదనే కోరుకుంటున్నాను.

గవ్రిల్ బాబాయి నాలుగు రోజులు నగరంలో ఉండి, సరుకు ఎక్కించుకుని తిరిగి వస్తాడు. బండి లోపల వెచ్చగా ఉంటుంది, వెనక సీటు మీద పడుకుని రావచ్చు, తోలు దుప్పట్లు పంపాను. రావడం నీ గుండెకి మంచిది కాదని డాక్టరు అంటాడు, అన్నయ్య తలుపుకి అడ్డం పడతాడు. వాళ్ళన్నదీ అబద్ధం కాదు. దారిలో నీకేమైనా అయితే అన్నయ్య నన్ను ఈ జన్మకి క్షమించడు, నేనూ క్షమించుకోను. అయినా రాశాను. రావాలో వద్దో నీ మొగుడి విషయంలో నువ్వు తేల్చుకోవాలి, మేం కాదు. రానంటే అర్థం చేసుకుంటాను. అప్పుడు ఆ మాట కాగితం మీద రాసి పంపు, నీ పేరు చెప్పి చదువుతాను.

వస్తే మాత్రం ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకో. ఆయన నాకంటే చిన్నవాడిగా ఆగిపోయాడు. నీకు జుట్టంతా నెరిసింది, నడుం వంగింది. తొట్టి దగ్గర నువ్వు నిలబడ్డా చేపలు ఇంకా నా ఎదురుగానే గుమిగూడొచ్చు. చూసి బాధపడకు. నేను పక్కనే ఉంటాను. నీ భుజం మీద చెయ్యి వేసి, "నాన్నా, ఈవిడే ఒగ్దో" అని చెప్తాను.

ఇట్లు,
అమ్మ పోలికలో పుట్టిన నీ చిన్న కూతురు
కున్నెయ్